45 కాదు, 46

పొద్దుటి నుంచి ముసురు. నల్లగొండలో పానగల్ వైపు ఒక కొత్త ఇంట్లో దర్వాజాల చుట్టూ టేకు బీడింగ్, అంటే అంచు పట్టీ, బిగించే పని మొదలుపెట్టాను. ముందుగది దర్వాజా దగ్గరే మధ్యాహ్నమైంది.

కోణమానిని ఆనించి చూస్తే ఎడమ మూల 90 కాదు, 92 డిగ్రీలుంది. అంటే ఒక్కో ముక్క కోతకు 46 కావాలి. రెండు ముక్కలనూ 45కి కోసి పెడితే బయటి మొనలు తాకుతాయి, లోపలి వైపు నోరు తెరుచుకుంటుంది. రెండున్నర అంగుళాల బీడింగ్‌కి ఆ సందు దాదాపు 3 మిల్లీమీటర్లు.

“పుట్టీ పెట్టి పాలిష్ చేస్తే కనిపించదు కదా బాబూ?” అని అడిగారు ఇంటావిడ.

“ఇప్పుడు కనిపించదమ్మా. ఎండలు ముదిరాక బయటపడుతుంది” అన్నాను.

ఎండినప్పుడు చెక్క పొడవు దాదాపు మారదు, వెడల్పే తగ్గుతుంది. అందుకే నల్లగొండ ఎండలకు మూల అతుకు లోపలి వైపు నుంచే విడుతుంది. మొదటే అక్కడ సందు ఉంటే పుట్టీ పెచ్చులై రాలుతుంది. వానాకాలంలో చెక్క తేమకు ఉబ్బి ఉంటుంది కాబట్టి అప్పుడు అతికించే మూలకు ఇంకా జాగ్రత్త కావాలి.

డిగ్రీల లెక్క పక్కన పెట్టి ముక్కను దర్వాజా పైన ఆనించి, రెండు అంచుల వెంటా గోడ మీద గీతలు గీశాను. నిలువు వైపూ అంతే. గీతలు ఖండించుకున్న లోపలి చుక్కనూ బయటి చుక్కనూ కలిపితే వచ్చేదే అసలు కోత. గీతకు వెంట్రుకవాసి ఇవతల రంపం నడిపి, మిగిలింది చిత్రికతో తీశాను. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. రెండు ముక్కలూ పెదవుల్లా కలిశాయి.

కోసిన చివర జిగురును తాగేస్తుంది. అందుకే ముందు పల్చగా రాసి, కాసేపు ఆరనిచ్చి, మళ్ళీ రాయాలి. ఈ రెండో పూత ఎగ్గొట్టేవాళ్ళంటే నాకు కోపం. మేకుకన్నా సన్నగా రంధ్రం చేయకపోతే చివర చీలుతుంది. పై అంచు నుంచి ఒకటి, పక్క అంచు నుంచి ఒకటి కొట్టి, తలలు లోపలికి దించి, అదే టేకు పొట్టును జిగురుతో కలిపి నింపాను.

మిగతా దర్వాజాలకు కూడా ఏ మూలకు ఆ మూలే గీసుకుంటానని, అదనంగా ఒక రోజు పడుతుందని చెప్పాను. ఆవిడ ఒప్పుకున్నారు. రేపు వంటగది.