కమాను సంగతి తర్వాత చూద్దాం

మన బడి పాత విద్యార్థుల ఈ సంచికలో మన సార్ల గురించి, గ్రౌండులో ఆడిన ఆటల గురించి నాకన్నా బాగా రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. బడిని మళ్ళీ తెరిపించిన కమిటీలో నా వంతుకొచ్చింది కాగితాల పని. కాబట్టి ఆ సంగతులే రాస్తాను. కొంత బోరు కొట్టొచ్చు, ఓపిక పట్టండి.

అసలు బడి ఎందుకు మూతపడిందో ముందు చెప్పుకోవాలి. "ఇంగ్లీష్ మీడియం మింగేసింది" అని చాలామంది ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అది సగమే నిజం. మా క్లాసులో మిల్లు పిల్లలే ఎక్కువ. 1934లో వరంగల్‌లో పెట్టిన ఆజంజాహి బట్టల మిల్లు సైరన్‌ను బట్టే చాలా ఇళ్ళలో పొయ్యి వెలిగేది, క్యారేజీ కట్టేవాళ్ళు. ఆ మిల్లు మూతపడింది. నేత కుటుంబాలు అంతకుముందు నుంచే సూరత్‌కు, భివండీకి వలసపోతున్నాయి. ఇక మనది ఎయిడెడ్ బడి, జీతాలు సర్కారు గ్రాంటు మీద వచ్చేవి. రిటైరైన సార్ల జాగాలో కొత్తవాళ్ళు రాలేదు. లెక్కల సారు దిగిపోతే తెలుగు సారే లెక్కలు చెప్పారు. ఆయన చెప్పలేక కాదు గానీ, తల్లిదండ్రులు చూస్తూనే ఉంటారు కదా. పిల్లలు తగ్గితే పోస్టులు రావు, పోస్టులు లేకపోతే పిల్లలు రారు. చివరికి గేటుకు తాళం పడింది.

తెరుద్దామని అనుకున్నప్పుడు అందరం డబ్బు గురించే టెన్షన్ పడ్డాం. తీరా చూస్తే డబ్బు అన్నిటికన్నా తేలికైన పని. అసలు చిక్కు బడిని నడిపే సొసైటీ దగ్గర వచ్చింది. మన సొసైటీ నిజాం కాలంలో, 1350 ఫసలీ నాటి చట్టం కింద రిజిస్టరైంది. ఫసలీ అంటే నిజాం సర్కారు వాడిన సంవత్సరాల లెక్క, మన లెక్కలో 1940-41 అన్నమాట. 2001లో కొత్త సొసైటీల చట్టం వచ్చాక ఏటా సర్వసభ్య సమావేశం జరిపి, కమిటీ సభ్యుల జాబితా రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేయాలి. బడి మూతపడ్డాక ఆ పని ఎవరు చేస్తారు? సభ్యుల పుస్తకంలో ఉన్న పేర్లలో ఎక్కువమంది కాలం చేశారు. బతికున్న పెద్దల్ని ఒకరి ద్వారా ఒకరిని వెతికి పట్టుకుని, బైలాల ప్రకారం నోటీసులిచ్చి, సమావేశం పెట్టి, కొత్త సభ్యుల్ని చేర్చుకుంటే గానీ సొసైటీకి సంతకం పెట్టే చెయ్యి దొరకలేదు. ఊరి నడిబొడ్డున ఉన్న జాగా, ఊరికే ఉంటారా? "మా తాత పెట్టిన బడి, మాకూ వాటా ఉంటది" అంటూ ఒకరిద్దరు వచ్చారు. సొసైటీ ఆస్తికి వారసులుండరు, సభ్యులే ఉంటారు. ఈ ఒక్క మాటను వాళ్ళకు నచ్చజెప్పడానికి మా వకీలు మిత్రుడు తాగించిన చాయ్‌ల లెక్క ఆయనకే తెలియాలి.

ఇక బడికి సర్కారు గుర్తింపు కావాలంటే చూడాల్సింది 1994 జనవరి 1 నాటి ప్రభుత్వ ఉత్తర్వు, జీవో నంబర్ 1. ప్రైవేటు బడి నడిపేవాళ్ళందరికీ అది కంఠతా వస్తుంది. బిల్డింగ్ గట్టిదని ఇంజనీరు సర్టిఫికెట్, శానిటరీ సర్టిఫికెట్, ఫైర్ సేఫ్టీ, బ్యాంకులో డిపాజిట్. వీటి వెంట తిరగడం గురించి రాస్తే సంచిక చాలదు, వదిలేస్తున్నా.

డబ్బు దగ్గర ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. అమెరికాలో ఉన్న తమ్ముళ్ళు "అన్నా, అకౌంట్ నంబర్ పంపు, ఇప్పుడే కొడతా" అన్నారు. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళు పంపితే అది విదేశీ విరాళం కిందికి వస్తుంది. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ కావాలి, ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలోనే ఖాతా ఉండాలి. తాళం పడిన బడికి అవన్నీ ఎక్కడివి? "నా బడికి నేను ఫారినర్‌నా?" అని ఒకాయన నిజంగానే నొచ్చుకున్నాడు. ఆ కోపం ఇంకా పూర్తిగా తగ్గలేదు గానీ, శనివారం శనివారం పెద్ద పిల్లలకు ఆన్‌లైన్‌లో సైన్సు చెబుతున్నది ఆయనే.

ఇక బిల్డింగ్. నాకు బాగా నచ్చిన భాగం ఇదే. మన పాత బ్లాకు డంగు సున్నంతో కట్టింది. తర్వాత ఎప్పుడో ఎవరో మంచి మనసుతోనే గోడలకు నడుమెత్తు దాకా సిమెంటు పూత వేయించారు. ములుగు వైపు నుంచి వచ్చిన సుతారి మేస్త్రి చిన్న సుత్తితో ఆ పూతను తడుతూ వరండా పొడుగునా నడిచాడు. డొల్ల చప్పుడు వచ్చిన చోటల్లా సుద్దతో సున్నా చుట్టాడు. మా ఏడో తరగతి గది బయట గోడంతా సున్నాలే. మా లెక్కల పేపర్లు గుర్తొచ్చాయి. ఒక పెచ్చు ఊడదీస్తే లోపలి సున్నం తడితడిగా ఉంది, వేలితో గీకితే రాలిపోతోంది. "నేల చెమ్మ గోడకెక్కుతది సార్. సున్నమైతే బయటికి ఇడుస్తది, సిమెంటు ఇడువది. అండ్లనే ఉండి గోడ పాడైతది" అన్నాడు. సిమెంటంతా కొట్టేయించాం. సున్నం నానబెట్టి, ఇసుకతో కలిపి గానుగ పట్టి, కరక్కాయ నానిన నీళ్ళు, బెల్లం నీళ్ళు పోసి మళ్ళీ పూత వేశాడు. బెల్లానికి చీమలు బారులు కట్టాయి. ఒక పూత ఆరితే గానీ రెండోది వేయనని మొండికేస్తే కమిటీలో గొడవ. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని 2006లో విప్పితే 2024లో గదా మళ్ళీ తెరిచిందని నేను గుర్తుచేశాను. ఎవరూ నవ్వలేదు.

ఇనప్పెట్టెలో పాత అడ్మిషన్ రిజిస్టరు దొరికింది. మొదటి పేజీలన్నీ ఉర్దూలో ఉన్నాయి, తేదీలు ఫసలీ లెక్కలో, నెలలు ఆజర్, దై, బహ్మన్. మండి బజారు నుంచి ఉర్దూ బాగా వచ్చిన ఒక పెద్దాయన్ని బతిమాలి చదివించుకున్నాం. తండ్రి వృత్తి అన్న చోట బజాజీ అంటే బట్టల వ్యాపారం, వకీలు, జులాహా అంటే నేతపని, మిల్లు మజ్దూర్. వకీలు కొడుకు, మజ్దూరు కొడుకు ఒకే పేజీలో, ఒకే తరగతిలో. తెలుగు చెప్పే బడిలో రిజిస్టరు ఉర్దూలో ఎందుకంటే, ఇన్‌స్పెక్టరు వచ్చి చూసేది ఆ భాషలోనే. అప్పట్లో సర్కారీ హైస్కూళ్ళలో చదువు ఉర్దూలో. ఖాంగీ బడి, అంటే సొంతంగా పెట్టుకునే బడి, నడపాలంటే సర్కారు అనుమతి ఉండాల్సిందే. ఆ నిబంధనలు ఎత్తేయమని ఆంధ్ర మహాసభ తీర్మానాల మీద తీర్మానాలు చేసింది. మన పెద్దలు అలాంటి రోజుల్లో ఈ బడి పెట్టింది పిల్లలు తెలుగులో చదువుకోవాలని.

అందుకే మీడియం మాట వచ్చేసరికి సమావేశం అట్టుడికిపోయింది. "తెలుగు కోసం పుట్టిన బడిని తెరిచి ఇంగ్లీషు చెప్తారా? మూసి ఉంచడమే నయం" అన్నారు మన పెద్ద సారు. ఆయన ముందు నోరెత్తడం నాకిప్పటికీ భయమే. కానీ నేను ఇంగ్లీష్ మీడియం వైపే మాట్లాడాను. 2022-23 నుంచి సర్కారు బడులే ఇంగ్లీష్ మీడియానికి మారాయి. అక్కడ ఊరికే దొరుకుతున్నప్పుడు ఫీజు కట్టి మన దగ్గర తెలుగు మీడియంలో ఎవరు చేర్పిస్తారు? మన మనవలు, మనవరాళ్ళలో ఎవరైనా తెలుగు మీడియంలో చదువుతుంటే చెయ్యెత్తమన్నాను. ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. తెలుగు మీడియం కావాలనడం తప్పని కాదు. కానీ ఆ ప్రేమ ఖర్చు మిల్లు కాలనీ పిల్లల మీద పెట్టడం నాకు నచ్చలేదు, అంతే.

సారు ఒక షరతు మీద ఒప్పుకున్నారు. 2018 చట్టం ప్రకారం పదో తరగతి దాకా తెలుగు ఎలాగూ చెప్పాలి. అది మొక్కుబడిగా వద్దు, తెలుగుకు ప్రత్యేకంగా టీచరు ఉండాలి, రోజూ ఒక పీరియడ్ లైబ్రరీలో గడవాలి అన్నారు. ఆ లైబ్రరీ బీరువాలు శుభ్రం చేయించి, చెదలు పట్టినవి తీసేసి, మిగిలినవి సర్దింది ఆయనే. ఎనభై దాటిన మనిషి, స్టూలెక్కుతుంటే మాకు గుండె దడ.

కమాను గురించి అందరూ నన్నే అడుగుతున్నారు కాబట్టి అదీ చెప్పేస్తాను. ముఖద్వారానికి పెద్ద కమాను, దాని మీద దాతల పేర్లతో గ్రానైట్ ఫలకం అని అంచనా వేయించాం, అడ్వాన్సు కూడా పోగైంది. అడ్మిషన్లు మొదలైన వారంలో ఎనుమాముల మార్కెట్లో కూలి చేసే ఒకామె కూతుర్ని పట్టుకుని వచ్చింది. కొత్త పూత వేసిన గోడలు చూపించాం, కంప్యూటర్లు చూపించాం. అన్నీ చూసి, "అమ్మాయిల బాత్రూములల్ల నీళ్ళొస్తయా సార్?" అని అడిగింది. నల్లా ఉంది, తిప్పితే గాలి వచ్చింది. పాత బోరు ఎండిపోయిన సంగతి మాలో ఒకరికీ పట్టలేదు. "నీళ్ళొచ్చినంక ఫోన్ జెయ్యుండ్రి" అని నంబరు రాయించి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రమే కమాను డబ్బు బోరుకు, ట్యాంకుకు మళ్ళించాం. ఫలకం మీద పేరు కోసం డబ్బిచ్చిన కొందరు అలిగారు. నీళ్ళ ట్యాంకు మీద పేరు రాయిస్తామంటే ఒప్పుకున్నది ఒక్క బ్యాచే. ట్యాంకు మీద ఇప్పుడు వాళ్ళ పేరే ఉంది, దూరం నుంచి కూడా బాగా కనిపిస్తుంది.

ఆ అమ్మాయి ఇప్పుడు నాలుగో తరగతి.

ప్రస్తుతానికి నర్సరీ నుంచి ఏడు దాకా నడుస్తోంది. గ్రాంటు లేదు, అడిగే ఉద్దేశమూ లేదు. వచ్చే ఫీజులు టీచర్ల జీతాలకు చాలడం లేదు. ఫీజు పెంచితే ఎవరి కోసం తెరిచామో వాళ్ళే రాలేరు. అందుకని చెప్తున్నా, ఒకేసారి లక్ష ఇచ్చి ఫోటో దిగేవాళ్ళకన్నా నెలనెలా వెయ్యి పంపేవాళ్ళు మాకు ఎక్కువ అవసరం. జీతం ప్రతి నెలా ఇవ్వాలి మరి. ఆటో డెబిట్ ఫారం ఈ సంచిక చివరి పేజీలో ఉంది. రెండు వేలు దాటితే నగదు ఇవ్వకండి, విరాళం మీద పన్ను మినహాయింపు రాదు. లెక్కల టీచరు పోస్టు ఇంకా ఖాళీగానే ఉంది. హన్మకొండ, కాజీపేటల్లో రిటైరై ఇంట్లో ఉన్న లెక్కల సార్లు, మేడమ్‌లు ఎవరైనా మీకు తెలిస్తే ముందు వాళ్ళకు చెప్పండి, తర్వాత నాకు ఫోన్ చేయండి.