అరకులో మూడు రోజులు, ఇద్దరికి ఒక ఫిల్టర్

2026లో డిసెంబరు 25 శుక్రవారం పడింది. శని, ఆది కలిపితే మూడు రోజులు. హైదరాబాదు నుంచి అరకు వెళ్లాలనుకునే జంటకు ఇదే అదును. పొద్దున్నే మంచు, అక్కడక్కడా ఇంకా వలిసె పూల పసుపు, చెట్ల మీద పండిన కాఫీ. జనం విరగబడేదీ అప్పుడే. అందుకే సగం విశ్రాంతి ఇంట్లో, టికెట్ల దగ్గరే తేలిపోతుంది.

రైల్వే ముందస్తు రిజర్వేషన్ గడువు 2024 నవంబరు 1 నుంచి 120 రోజులు కాస్తా 60 అయింది. ప్రయాణం రోజును ఇందులో లెక్కపెట్టరు. అంటే డిసెంబరు 24 గురువారం బయల్దేరే రైలుకు అక్టోబరు 25న ఉదయం 8 గంటలకు బుకింగ్ తెరుచుకుంటుంది. 25న విశాఖ నుంచి అరకు వెళ్లే కిరండూల్ రైలుకు అక్టోబరు 26న. ఆదివారం రాత్రి తిరుగు ప్రయాణానికి అక్టోబరు 28న. దెబ్బతినేది ఈ మూడో తేదీ దగ్గరే. వెళ్లే టికెట్టు దొరికిందన్న సంబరంలో తిరుగు టికెట్టు మర్చిపోతారు. మూడు తేదీలకీ ఇప్పుడే అలారం పెట్టుకోండి, యాప్ ఖాతాకు ఆధార్ జోడించే పని ముందే కానివ్వండి. తత్కాల్ మీద ఆశ పెట్టుకున్నా అంతే, 2025 జులై నుంచి ఆధార్ లేనిదే ఆన్‌లైన్‌లో తత్కాల్ లేదు. 60 రోజుల నిబంధనను చాలామంది తిట్టారు గానీ, మా దృష్టిలో జంటలకు అది మేలే. నాలుగు నెలల తర్వాత ఇద్దరికీ సెలవు దొరుకుతుందో లేదో ఎవరు చెప్పగలరు? రెండు నెలలైతే చెప్పొచ్చు.

గురువారం మధ్యాహ్నం సికింద్రాబాదులో వందేభారత్ ఎక్కితే అర్ధరాత్రిలోపు విశాఖ చేరతారు. అరపూట సెలవు ఖర్చవుతుంది, కానీ మంచం మీద పడుకుని నిద్రపోవచ్చు. రాత్రి రైల్లో వచ్చి తెల్లారే కిరండూల్ బండి అందుకుందాం అనుకుంటే, ముందుది గంట ఆలస్యమైతే చాలు, ప్లాన్ మొత్తం పోయినట్టే. కిరండూల్ రైలు ఉదయం ఏడు లోపే కదులుతుంది. అరకు చేరడానికి నాలుగు గంటలు. దారిలో యాభైకి పైగా సొరంగాలు. శిమిలిగూడ స్టేషన్ సుమారు 997 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపాన్‌కు పంపడానికి 1960లలో వేసిన లైను ఇది. ఇప్పటికీ ఘాట్‌లో గూడ్సుదే పైచేయి, మన బండి ఏ చిన్న స్టేషన్‌లోనో ఆగి దారి ఇస్తుంది. కాబట్టి రైల్లో ఎక్కండి, రోడ్డు మీద దిగండి. తిరుగు ప్రయాణంలో ఇదే రైలును నమ్ముకుంటే విశాఖలో రాత్రి బండి తప్పిపోయే ప్రమాదం ఉంది.

ఈ లైను గురించి మరో మాట. 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం విశాఖ కేంద్రంగా నడిచే వాల్తేరు రైల్వే డివిజన్‌ను రెండుగా విడదీయడానికి ఆమోదం తెలిపింది. విశాఖ డివిజన్ కొత్త దక్షిణ కోస్తా జోన్‌కు, కొత్తవలస నుంచి పైకి వెళ్లే ఈ లైను రాయగడ డివిజన్ పేరుతో తూర్పు కోస్తా జోన్‌కు. అరకు స్టేషన్ ఆంధ్రాలో, దాని ఆలనాపాలనా ఒడిశాలో. రైలుకు అద్దాల పెట్టెలు (విస్టాడోమ్) ఎన్ని తగిలించాలో, సెలవుల్లో ప్రత్యేక రైళ్లు వేయాలో వద్దో రేపు అక్కడివాళ్లే తేలుస్తారు. అరకు లైను చేజారిందన్న విశాఖవాళ్ల గొణుగుడులో న్యాయం ఉంది.

గది బుక్ చేసేటప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. గీజరుందా, లేక వేడినీళ్లు ఫలానా వేళకేనా? దుప్పట్లు మనిషికి రెండు ఇస్తారా? పన్ను ఎంత వేస్తారు? 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల లోపు గదికి జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. 4,000 గదికి 480 పడే చోట 200 పడుతుంది. రెండు రాత్రులకు 560 మిగులు, ఇద్దరి భోజనం ఖర్చు. బిల్లులో ఇంకా 12 కనిపిస్తే మొహమాటపడకుండా అడగండి.

శనివారం ఏమీ పెట్టుకోవద్దు. నిజంగానే ఏమీ. బొర్రా గుహలు ఆదివారం దిగేటప్పుడు చూసుకోవచ్చు. తెరిచే వేళకు, అంటే పదింటికి అక్కడ ఉండాలి. పైనుంచి నీళ్లు కారుతూ మెట్లు జారతాయి కాబట్టి పట్టున్న చెప్పులు వేసుకోండి. ఘాట్ మలుపుల్లో కడుపు తిప్పేవాళ్లను ముందు సీట్లో కూర్చోబెట్టి, నోట్లో అల్లం మురబ్బా ముక్క పెట్టండి. పొట్ట నిండా టిఫిను తిని బయల్దేరవద్దు. బొంగులో చికెన్ ఇద్దరికి అరకిలో చాలు. పచ్చి వెదురైతేనే లోపలి తేమతో ముక్క ఉడుకుతుంది, ఎండుదైతే బొంగు కాలిపోతుంది. రద్దీలో తొందరగా తీసేస్తారు, కణుపు దగ్గర ముక్క ఎముక పక్కన ఎర్రగా ఉందేమో విప్పి చూశాకే తినండి. అనంతగిరి దాటాక సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. చిల్లర నోట్లు, టికెట్ల స్క్రీన్‌షాట్లు దగ్గరుంచుకోండి.

ఖాళీ రోజుకు కావలసిన సరంజామా ఒక చిన్న స్టీలు ఫిల్టర్. అరకు కాఫీ పొడి అక్కడే 200 గ్రాములు కొనండి, వేయించిన తేదీ చూసి, చికోరీ లేనిది. మరీ మెత్తగా ఆడించవద్దని చెప్పండి. మెత్తనిదైతే చిల్లులు పూడుకుపోయి డికాక్షన్ దిగదు, బరకదైతే రంగునీళ్లలా జారిపోతుంది. ఇద్దరికి పొడి 24 గ్రాములు, కుప్పగా నాలుగు చెంచాలు. చదును చేసి, లోపలి చిల్లుల బిళ్లను ఊరికే ఆనించండి, గట్టిగా నొక్కవద్దు. కెటిల్ ఆగాక అర నిమిషం నిలిపి, ముందు పొడి తడిసేంత, నిమిషం తర్వాత మిగతాది, మొత్తం 150 మిల్లీలీటర్ల నీళ్లు పోయండి. పావుగంట మూత తీయకండి. చికోరీ లేని డికాక్షన్ పల్చగా ఉందని నిరాశపడతారు. దాని తీరే అంత, పాలు తగ్గించండి. గదిలో పెట్టే పాలపొడి పొట్లాలు దీనికి పనికిరావు, పక్క కొట్లో పాలు తెచ్చుకోండి.

ఆ కాఫీ తాగుతూ చదవాల్సిన వార్త ఒకటుంది. 2025 ఆగస్టులో అరకు ప్రాంతపు తోటల్లో కాఫీ కాయతొలుచు పురుగు కనిపించింది. దక్షిణాదిలో 1990లోనే నీలగిరుల్లో దిగిన శత్రువు ఇది. నువ్వు గింజ కన్నా చిన్న నల్ల పెంకు పురుగు. ఆడది కాయ కొస దగ్గర గుండుసూది మొనంత రంధ్రం చేసి లోపలి గింజలోనే గుడ్లు పెడుతుంది. మగది ఎగరలేదు, పుట్టిన కాయలోనే బతుకు ముగిస్తుంది. మందు చల్లితే లోపలి పురుగుకు తగలదు. అందుకే సోకిన తోటల్లో కాయలన్నీ దూసి, మరిగే నీళ్లలో ముంచి పాతిపెట్టారు. కోత అయ్యాక చెట్టున మిగిలిన కాయ, నేల రాలిన కాయ, గోనెసంచి అతుకు, ఈ మూడే దానికి వచ్చే ఏడాదికి బాట. 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) తెచ్చుకున్న పంట ఇది. దాన్ని పండించేవాళ్లు ఎక్కువగా చిన్న కమతాల గిరిజన రైతులు.

టూరిస్టుకూ ఇందులో పాత్ర ఉంది. సుంకరమెట్ట దగ్గర తోటలో ఫొటో దిగి, ఎర్రగా ముద్దొస్తోందని గుప్పెడు పళ్లు తెంపి జేబులో వేసుకుని, ఇంకో ఊరి తోట దగ్గర పారేస్తారు. పురుగు సొంతంగా ఎగిరి అంత దూరం పోలేదు, మన జేబులో పోతుంది. తోటలోంచి బయటికొచ్చాక ప్యాంటు మడతలు, బ్యాగు పక్క అరలు ఒకసారి దులపండి. పండు ఏదైనా దొరికితే బయట విసరకుండా గదికి తీసుకెళ్లి, కెటిల్లో మిగిలిన నీళ్లు మరిగించి గ్లాసులో పోసి అందులో ముంచేయండి. ఫిల్టర్ కడగడానికి ఎలాగూ వేడినీళ్లు పెట్టాలి.