టెంపరేచర్ లాగర్: 10 డిగ్రీలు దాటితే అతుక్కుపోయే స్ట్రింగులు

దొరికింది! తప్పు సెన్సర్‌దీ కాదు, వైరుదీ కాదు. ఒక్క బైటుది.

బోర్డు ఆర్డ్యునో ఊనో (చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు), ఉష్ణోగ్రత సెన్సర్ డీఎస్18బీ20. ఐదు రీడింగులు తీసి, స్ట్రింగులుగా (అక్షరాల వరసలుగా) మార్చి అర్రేలో పెట్టి, ఐదూ నిండాక సీరియల్ పోర్టుకి పంపాలి. అర్రే: క్యార్ వరస[5][5], అంటే ఐదు వరసలు, ఒక్కోదానికి ఐదు బైట్లు. మార్చేది: డిటోస్ట్రెఫ్(విలువ, 4, 2, వరస[ఐ]). పది లోపు బుద్ధిగానే ఉంది. దాటగానే ఇదీ వరస:

9.81
9.94
10.0610.1910.25
10.1910.25
10.25

ముందు బాడ్ రేటును (సీరియల్ వేగాన్ని) అనుమానించి 9600 నుంచి 115200కి మారిస్తే తేడా లేదు. ర్యామ్ చూస్తే 2048 బైట్లలో సగం ఖాళీ. పక్కదారి పట్టించింది మాత్రం డీబగ్ ప్రింటు. లూపులోనే, మార్చిన వెంటనే ప్రింటు చేస్తే ప్రతి విలువా సరిగ్గా కనిపిస్తుంది!

ఆధారం పొడవుల్లో ఉంది: 15, 10, 5 అక్షరాలు. "9.81"కి నాలుగు, స్ట్రింగు ముగిసిందని చెప్పే చివరి సున్నా బైటుకి ఒకటి, మొత్తం ఐదు, సరిపోయింది. "10.06"కి ఆరు కావాలి. ఆ ఆరోది, అంటే ముగింపు సున్నా, తర్వాతి వరస మొదటి గడిలో పడింది. అప్పటికి ప్రింటు బాగానే వస్తుంది. తర్వాతి రీడింగు తన '1'ని అక్కడే రాసేసరికి సున్నా పోయింది, రెండు స్ట్రింగులూ ఒకటయ్యాయి. ఇక ఐదో వరస సున్నా అర్రే దాటి బయటే పడుతోంది. అక్కడ ఏ వేరియబుల్ ఉంటే దాని ఖర్మ.

డిటోస్ట్రెఫ్‌లో ఆ 4 కనీస వెడల్పే, గరిష్ఠం కాదు. బఫర్ (రాసే చోటు) సైజు అడగని ఫంక్షన్‌ని నమ్మకూడదు. ఎస్ఎన్‌ప్రింట్‌ఎఫ్ అడుగుతుంది కానీ, ఊనోలో మామూలు సెట్టింగులతో దశాంశ సంఖ్యలకు వాడే %ఎఫ్ ఇస్తే '?' వస్తుంది.

ఇప్పుడు వరస[5][8]. 25 బైట్లు 40 అయ్యాయి, అంతే. ఎనిమిదే ఎందుకంటే, సెన్సర్ ఊడితే డాలస్ లైబ్రరీ ఇచ్చే "-127.00"కి సున్నాతో కలిపి సరిగ్గా ఎనిమిది.

స్ట్రింగ్ క్లాస్ వాడమనే సలహా 2 కేబీ ర్యామ్‌లో నాకు రుచించదు, హీప్ (అప్పటికప్పుడు కేటాయించే మెమరీ) ముక్కలవుతుంది.

తర్వాత ఫ్లోట్‌నే (దశాంశ సంఖ్యనే) వదిలేసి 10.06ని 1006గా ఉంచి, ప్రింటప్పుడు "%డి.%02డి" వాడాలి. చిక్కల్లా -0.50 దగ్గర: పూర్ణాంకాల్లో -50ని 100తో భాగిస్తే వచ్చేది సున్నా, దానికి మైనస్ ఉండదు. గుర్తును ముందే విడిగా రాసుకోవాలి.