పంటి కోసం వెళ్తే బీపీ గుట్టు దొరికింది

కింద కుడివైపు దవడ పన్నుకి రూట్ కెనాల్ చేసి క్యాప్ వేశారు. ఏడాది తిరక్కుండానే ఆ క్యాప్ పెచ్చు ఊడింది. "రాత్రిళ్ళు పళ్ళు కొరుకుతారా?" అని డెంటిస్ట్ అడిగింది. నాకేం తెలుస్తుంది? జవాబు మా ఆవిడే చెప్పింది: "ముందు గురక పెడతారు. తర్వాత కాసేపు చడీచప్పుడూ ఉండదు. ఉన్నట్టుండి గుప్పున ఊపిరి లాక్కుని, వెంటనే పళ్ళు పరపరా నూరతారు." మా అమ్మైతే కడుపులో నులిపురుగులని తేల్చేసింది. ఆవిడ మాట తీసెయ్యలేక ఈ వయసులో ఆ మాత్ర కూడా మింగాను.

డెంటిస్ట్‌కి ఆ "చడీచప్పుడూ ఉండదు" దగ్గరే అనుమానమొచ్చింది. అద్దం చేతికిచ్చి చూడమంది. నాలుక అంచుల వెంబడి పళ్ళ గంట్లు, బుగ్గ లోపల తెల్లటి గీత, కింది దవడ బాగా లోపలికి. పళ్ళు ఇలా కలిసే తీరుని 1899లో ఎడ్వర్డ్ యాంగిల్ అనే ఆయన క్లాస్ 2 అన్నాడట. దవడ వెనక్కుంటే నాలుక కూడా వెనక్కే ఉంటుంది. వెల్లకిలా పడుకుంటే గొంతులో గాలి దారి ఇరుకైపోతుంది. బీపీ ఉందా అని అడిగింది. రెండు రకాల మాత్రలు వేసుకున్నా 150 దిగట్లేదు, పొద్దున్నే తలనొప్పి, రాత్రి మూత్రానికి లేవడం మామూలే. పై పళ్ళకి నైట్ గార్డ్ (పళ్ళు అరగకుండా రాత్రి పెట్టుకునే తొడుగు) పెడితే కొందరిలో ఊపిరి ఆగడం ఎక్కువ కావచ్చు, ముందు స్లీప్ స్టడీ చేయించుకు రండి అంది.

ఒంటినిండా వైర్లు పెట్టుకుని పడుకుంటే తేలిందేమిటంటే, గంటకి సగటున 34 సార్లు ఊపిరి ఆగడమో సన్నబడడమో జరుగుతోంది. నిద్రలో ఇలా ఊపిరి ఆగే జబ్బుని స్లీప్ ఆప్నియా అంటారట, 30 దాటితే తీవ్రమైనదే. రక్తంలో ఆక్సిజన్ ఒక దశలో 79 శాతానికి పడింది. డాక్టర్ స్క్రీన్ మీద ఒక చోట ఆపి చూపించారు. ఊపిరి గీత చదునైపోయింది, ఆక్సిజన్ జారింది, మెదడు సగం మేలుకుంది, గుండె వేగం ఎగిసింది. దవడ కండరం బిగిసింది ఆ తర్వాతే. అంటే పళ్ళు గుండెని పాడుచెయ్యట్లేదు, గుండె ఉలిక్కిపడ్డాక పళ్ళు కదులుతున్నాయి. నిద్రలో దిగాల్సిన బీపీ ప్రతిసారీ ఇలా పైకి లేస్తుంటే మాత్రలు ఏం చేస్తాయి? ఏళ్ళ తరబడి వదిలేస్తే గుండె లయ తప్పే ముప్పు కూడా పెరుగుతుందట. గుండె లయని రోజంతా రికార్డు చేసే హోల్టర్ పరీక్షలో నాకు మాత్రం అలాంటిదేమీ కనపడలేదు.

పళ్ళు కొరికే వాళ్ళందరికీ ఈ జబ్బు ఉంటుందని కాదు. ఆందోళన, కాఫీ, మద్యం, డిప్రెషన్‌కి వాడే కొన్ని మాత్రల వల్ల కూడా కొరుకుతారు. ఒకచోట నా పళ్ళు అరగదీసి సమం చేస్తే గుండె కూడా కుదుటపడుతుందని చెప్పి ప్యాకేజీ రేటు కూడా చెప్పారు. ఒళ్ళు మండింది. ఒకసారి అరగదీసిన పన్ను మళ్ళీ పెరుగుతుందా?

నాకు సీప్యాప్ అనే మెషిన్ పెట్టారు. సిడ్నీలో కాలిన్ సలివాన్ కనిపెట్టి 1981లో ప్రకటించిన పద్ధతి ఇది. మాస్క్ లోంచి వచ్చే గాలి ఒత్తిడే గొంతు దారి మూసుకోకుండా చూస్తుంది. మొదట్లో నరకమే. ముక్కు ఎండిపోయేది, నిద్రలోనే పీకి పారేసేవాణ్ణి. గాలికి తేమ పట్టించే గిన్నె తగిలించాక కుదిరింది. జబ్బు మరీ ముదరని వాళ్ళకి కింది దవడని ముందుకి పట్టి ఉంచే పరికరం కూడా ఉంది.

ఇప్పుడు తలనొప్పి లేదు. బీపీ 130 దగ్గర నిలబడింది, ఒక మాత్ర తీసేశారు. పళ్ళు కొరకడం బాగా తగ్గింది గానీ పూర్తిగా పోలేదు, అందుకని గార్డ్ కింది పళ్ళకి చేయించారు. ఎండాకాలం ఊళ్ళో కరెంటు పోతే మెషిన్ ఆగిపోతోందని పడగ్గది ప్లగ్గుకి ఇన్వర్టర్ లైను లాగించాం.