మూడు మూటల పాత బట్టలు, రెండు నెలల తిరుగుడు

మహబూబ్‌నగర్‌లో అద్దె ఇల్లు మారుతూ సజ్జ మీది సామాను దించితే మూడు మూటల పాత బట్టలు, ఒక గోనె సంచెడు చెప్పులు, బూట్లు బయటపడ్డాయి. మా ఆయన మున్సిపాలిటీ బండిలో వేసేయమన్నాడు. ఆ ఎండలో నాకూ అదే హాయి, కానీ అత్తమ్మ అడ్డం కూర్చుంది. "కట్టిన బట్టను చెత్తల పారేస్తరా బిడ్డా?" సరే, ఒక్క గుడ్డ కూడా డంప్ యార్డుకు పోనివ్వనని నోరు జారాను.

మొదట స్టీలు సామాన్లామె వచ్చింది. మూటలో చేయి పెట్టి జీన్స్ ప్యాంట్లు, మా ఆయన చొక్కాలు, రెండు జరీ చీరలు నిమిషంలో ఏరుకుంది. నూలు చీరలు ముట్టనే లేదు. ఐదు ప్యాంట్లకు ఒక చిన్న డబ్బా ఇస్తానంటే, అత్తమ్మ బేరమాడి మూతున్న గిన్నె ఒకటి అదనంగా లాగింది.

తర్వాత ఒక షోరూంలో పాత బట్టలు తీసుకుంటారంటే పోయాను. సంచి తీసుకుని కూపన్ చేతిలో పెట్టారు. ఇవన్నీ ఎక్కడికి పోతాయని అడిగితే కౌంటర్‌లో పిల్లాడు "కంపెనీకి మేడం" అన్నాడు. కూపన్ వాడాలంటే మళ్లీ కొత్తవి కొనాలి, ఇక సజ్జ ఖాళీ అయ్యేదెప్పుడు?

ఆ రాత్రి కూర్చుని చదివితే పానిపట్ సంగతి తెలిసింది. హర్యానాలోని ఆ ఊళ్లో పాత ఉన్ని బట్టల గుండీలు, జిప్పులు కోసేసి, రంగుల వారీగా ఏరి, పీచు చేసి, మళ్లీ నూలు వడికి దుప్పట్లు నేస్తారు. రంగు ముందే వేరు చేస్తారు కాబట్టి మళ్లీ అద్దకం అక్కర్లేదు. పాలమూరు ఎండల్లో మనకు స్వెట్టర్లెక్కడివి గానీ, అక్కడ చదివిన ఇంకో ముక్క బుర్రలో ఉండిపోయింది: పత్తి, పాలిస్టర్ ఒకే దారంలో కలిపి వడికితే తిరిగి విడదీయడం చాలా కష్టం, ఖర్చు కూడా.

మరి నా దగ్గరున్నవేంటో తెలియాలి కదా. ఒక్కో బట్ట నుంచి ఒక పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని, సింకు పక్కన అగ్గిపుల్లతో అంటించాను. నూలు కాగితంలా కాలి మెత్తటి బూడిదైంది. పట్టు అయితే వెంట్రుకలు కాలిన కంపు. పాలిస్టర్ ముడుచుకుపోయి నల్లగా గట్టి పూస కట్టింది. ప్యూర్ కాటన్ అని ఒట్టేసి అమ్మిన నా నైటీలు రెండూ బూడిదలోనే పూసలు కట్టాయి, పత్తిలో పాలిస్టర్ కలిపారన్నమాట!

నూలు చీరలన్నీ ఊళ్లో పెద్దమ్మకు ఇచ్చాను. నాలుగేసి పొరలు పరిచి, మూలలకు రాళ్లు పెట్టి బొంతలు కుట్టింది. నేను ఒక పాలిస్టర్ చీర సందులో దూరిస్తే వేలితో తడిమి "ఇది చెమట గుంజదే" అని పక్కన పడేసింది. నా అగ్గిపుల్లలన్నీ దండగ.

అత్తమ్మ గద్వాల చీర మాత్రం బొంతకు ఇవ్వబుద్ధి కాలేదు. ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. మడతల దగ్గర నూలు చిరిగింది గానీ అంచు నిన్న నేసినట్టే ఉంది. గద్వాల నేతలో ఒళ్లూ అంచూ వేరువేరు పోగులతో నేస్తూ, రెండూ కలిసేచోట పేకను, అంటే అడ్డపోగులను, ఒకదానిలో ఒకటి మెలిపెడతారు, కుప్పడం అంటారు దాన్ని. టైలర్ ఆ కలిసిన గీత వెంబడే పొడుగునా కత్తిరించి, అంచును కొత్త నూలు చీరకు వేసి ఇచ్చాడు. నా నైటీ లాగే ఇదీ కలగలుపే, కానీ దీన్ని కత్తెరతో విడదీయొచ్చు. దారంలోనే కలిసిపోయినదాన్ని ఏం చేస్తాం?

చెప్పుల దగ్గర ఓడిపోయాను. మామయ్య తోలు చెప్పులకు బస్టాండు దగ్గర కుట్టే ఆయన కొత్త అడుగు వేసి బతికించాడు. బతుకమ్మకు పేర్చే తంగేడు ఉంది కదా, దాని బెరడుతోనే వాళ్ల తాత తోలు పదును చేసేవాడట, ఇప్పుడెక్కువగా క్రోమియం ఉప్పుతో పదును చేసిన తోలే వస్తుంది. నా స్పోర్ట్స్ షూ తీస్తే సంచిలోనే అడుగు పిండిలా రాలింది. పట్టుమని పదిసార్లు వేసుకోలేదు! పాలీయూరిథేన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన అడుగు గాలిలో తేమకే లోలోపల విరిగిపోతుందట, దాచినా ఆగదు. పైన మెష్, మధ్యలో ఫోమ్, కింద రబ్బరు, అన్నీ జిగురుతో అతికినవే. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి "సూది దిగాలంటే ఏదన్న మిగలాలె గద మేడం" అని తిరిగిచ్చేశాడు.

ఆ షూ, రెండు నైటీలు, పెద్దమ్మ తిప్పిపంపిన చీర కలిపి ఒక సంచి మిగిలింది. కొత్త ఇంట్లో అది మళ్లీ సజ్జెక్కింది. మా ఆయన చూశాడు గానీ ఏమీ అనలేదు, నిచ్చెన పట్టుకుని నవ్వాడంతే.