రెండో శనివారం, ఐదు రూపాయలకి పది కార్డులు

నవంబరు, రెండో శనివారం. రాజమహేంద్రవరం.

బ్యాంకుకి సెలవు. అయినా నాలుగున్నరకే మెలకువ వచ్చేసింది. కార్తీక మాసం కదా, మా వీధిలో ఆ వేళకే సగం ఇళ్ళలో లైట్లు వెలుగుతున్నాయి. చెయ్యి అలవాటుగా దిండు కిందకి వెళ్ళింది. అక్కడ ఫోన్ లేదు. రాత్రిళ్ళు హాల్లో టీవీ పక్కన పెట్టేసి పడుకోవడం మొదలుపెట్టి నెల దాటింది. చెయ్యి మాత్రం ఇంకా వెతుకుతూనే ఉంది.

ఫేస్‌బుక్ ఖాతా తీసెయ్యమని అడిగితే వెంటనే తియ్యరు, 30 రోజులు గడువిస్తారు. ఆ లోపు లాగిన్ అయి వద్దనుకుంటే ఖాతా ఎప్పటిలాగే ఉంటుంది. ఇన్‌స్టాగ్రామ్‌దీ అదే పద్ధతి. నా గడువు నిన్న రాత్రితో అయిపోయింది. పదకొండింటి దాకా మనసు అటే లాగింది. పద్నాలుగేళ్ళ ఫోటోలన్నీ దింపుకుని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్నాను కాబట్టి పోయేదేమీ లేదని తెలుసు. అయినా ఊరు మారేటప్పుడు అద్దె ఇంటి తాళం ఓనరు చేతికి ఇచ్చి వెనక్కి తిరిగినట్టుగా ఉంది.

ఎందుకు తీసేశానో ఇక్కడ రాసుకోవాలి.

సామర్లకోట స్నేహితురాలూ నేనూ డిగ్రీ మూడేళ్ళూ ఒకే బెంచీలో కూర్చున్నాం. కార్తీక మాసంలో వాళ్ళింటికి వెళ్తే వాళ్ళమ్మగారు ఆవ పెట్టి కంద బచ్చలి కూర చేసేవారు. హాస్టల్ తిండి తిని వచ్చానని నాకు రెండోసారి అడక్కుండానే వడ్డించేవారు. ఆవిడ ఈ వేసవిలో పోయారు. ఆ కబురు నాకు ఫేస్‌బుక్‌లోనే తెలిసింది. బ్యాంకులో మధ్యాహ్నం క్యారేజీ విప్పుకుని తింటూ చూశాను. అయ్యో అనుకున్నాను. కింద అందరూ రాసినట్టే 'ఓం శాంతి' అని రాసి, చేతులు జోడించిన బొమ్మ పెట్టాను. వేలు కిందకి జరిగింది. ఎవరో గోంగూర పచ్చడి చేస్తున్న వీడియో. దాన్ని చివరిదాకా చూశాను.

ఆ సాయంత్రం ఫోన్ చెయ్యలేదు. మర్నాడూ చెయ్యలేదు. తీరిక లేక కాదు. పలకరించడం అయిపోయింది అనిపించింది నాకు. ఆ రెండు మాటలు రాయగానే నా వంతు తీరిపోయినట్టు మనసు సర్దుకుంది. ఇప్పుడు తలుచుకుంటే నన్ను బాధపెట్టేది ఇదే. సామర్లకోట ఎంత దూరం? రైలెక్కితే గంట. గోదావరి కూడా దాటక్కర్లేదు.

సెప్టెంబరులో ఒక పెళ్ళిలో కనబడింది. పక్క పక్కన కూర్చుని భోంచేశాం. చేతులు కడుక్కునే చోట అంది, "నువ్వు వస్తావనుకున్నానే. పదో రోజు దాకా చూశాను." కోపంగా అనలేదు, నిష్ఠూరంగా కూడా అనలేదు. కోప్పడి ఉంటే ఇంత గుచ్చుకునేది కాదేమో.

ఆ రాత్రి ఇంటికొచ్చి ఒక కాగితం మీద నాకు కావలసినవాళ్ళ పేర్లు రాశాను. ఇరవై మూడు వచ్చాయి. అందులో ఫేస్‌బుక్‌లో నాకు రోజూ కనిపించేవాళ్ళు ఆరుగురే. మిగతావాళ్ళు పోస్టులు పెట్టరు, కొందరికి ఖాతాలే లేవు. మరి నేనేమో అందరితో టచ్‌లో ఉన్నాననే అనుకుంటున్నాను ఇన్నేళ్ళూ! పరిచయం అంతంతమాత్రమైనవాళ్ళ పిల్లల ర్యాంకులు నాకు తెలుసు. మా పెద్దమ్మ కంటి ఆపరేషన్ తేదీ తెలియదు.

కాగితం ఇప్పుడు వంటింట్లో గోడ క్యాలెండరుకి పిన్ను పెట్టి ఉంది. పుట్టినరోజులు కూడా ఆ క్యాలెండరులోనే, తిథుల పక్కన పెన్సిల్‌తో రాసుకున్నాను.

పొద్దున్నే పుష్కర ఘాట్‌కి వెళ్ళాను. అరటి దొప్పల్లో దీపాలు వదులుతున్నారు. ఒక ముసలావిడ దీపం రెండుసార్లు ఆరిపోతే పక్కనున్న కాలేజీ అమ్మాయి తన చున్నీ అడ్డుపెట్టి వెలిగించింది. దూరంగా పాత హేవలాక్ వంతెన. దాని మీద రైళ్ళు ఆగిపోయింది 1997లో. చిన్నప్పుడు పాసింజరులో ఆ వంతెన దాటుతుంటే నాన్న చేతిలో చిల్లర పెట్టి గోదారిలో వెయ్యమనేవారు. కిందటేడు వరకూ అయితే ఈపాటికి పది ఫోటోలు తీసి, వాటిలో ఏది బాగుందో చూసుకుంటూ మెట్ల మీద కూర్చునేదాన్ని. ఈసారి ఇది ఎవరికి చెప్పాలా అనుకుంటే ఒకే మనిషి గుర్తొచ్చింది. కోటిలింగాల రేవు పక్కన పుట్టి పెరిగి, ఇప్పుడు టెక్సస్‌లో ఫ్రిస్కోలో ఉన్న నేస్తం. ఇక్కడ ఉదయం ఏడంటే అక్కడ ముందురోజు రాత్రి ఏడున్నర. ఘాట్ నుంచే ఫోన్ చేశాను.

ఎత్తగానే "ఏమైందే? అంతా బాగానే ఉన్నారా?" అని కంగారుపడింది. ఊరికే ఫోన్ చేస్తే కంగారుపడే రోజులొచ్చాయి. ఏమీ లేదు, రేవులో ఉన్నాను, దీపాలు వదులుతున్నారు అని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్కొక్కటే అడిగింది. నీళ్ళు ఎంతవరకు ఉన్నాయి? గుడి మైకులో పాటలు వేస్తున్నారా? ఏదీ, ఫోన్ అటు పెట్టు, వింటాను అంది. పెట్టాను. మైకు పాటలు, నీళ్ళ చప్పుడు, ఎవరో పిల్లాణ్ణి కేకలేస్తున్నారు, అన్నీ విన్నది. ఆ తర్వాత మెల్లగా చెప్పింది. వాళ్ళాయన ఉద్యోగం పోయి నెలన్నర అయిందట. హెచ్1బీ వర్క్ వీసా మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే, ఇంకోటి వెతుక్కోడానికో దేశం వదిలి రావడానికో ఇచ్చేది 60 రోజులు, ఇంకా రెండు వారాలే ఉందట. నాకు దసరాకి ఆవిడ పెట్టిన ఫోటో గుర్తొచ్చింది. పట్టుచీరలు, నవ్వులు. నేను హార్ట్ బొమ్మ పెట్టాను. అప్పటికే ఉద్యోగం పోయింది. ఆవిడ అబద్ధం పెట్టలేదు, పండగరోజు పండగలాగే ఉండాలనుకుంది. అడిగితే కదా ఎవరైనా చెప్పేది. నలభై నిమిషాలు మాట్లాడుకున్నాం. నేను చేయగలిగింది ఏమీ లేదు. రెండు రోజులకోసారి ఈ టైముకి ఫోన్ చేస్తానన్నాను. "చెయ్యవే" అంది.

తిరిగి వస్తూ పోస్టాఫీసు తెరిచాక కార్డులు కొన్నాను. కౌంటర్లో ఆయన "కార్డులాండీ? ఎన్ని?" అని, బీరువా తెరిచి అడుగునుంచి ఒక కట్ట తీశారు. ఐదు రూపాయలకి పది. ఇదేదో పాత రోజుల మీద మోజు కాదు. తునిలో పెద్దమ్మకి చెవులు పూర్తిగా వినపడవు. ఫోన్లో నేను అరవడం, ఆవిడ "ఆ... ఆ..." అనడం, చివరికి ఇద్దరం అలసిపోవడం. అక్షరాలైతే అద్దాలు పెట్టుకుని చక్కగా చదువుకుంటుంది. కిందటి నెల రాసిన కార్డుకి జవాబు రాసింది. వంకర పోయిన గీతల్లో, "నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. కన్ను బాగుంది. మీ ఆయన బీపీ మందు మానకుండా చూసుకో. కరివేపాకు చెట్టు బతికింది" అని. ఏ కరివేపాకు చెట్టు? నాలుగేళ్ళ కిందట కడియం నర్సరీ నుంచి నేనే పట్టుకెళ్ళి ఇచ్చాను. మర్చిపోయాను. ఆవిడ మర్చిపోలేదు. ఇవాళ జవాబు రాస్తుంటే 533401 అని పిన్‌కోడు చూసుకోకుండానే వచ్చేసింది.

ఇబ్బందులు లేవని రాయను. మా బ్రాంచిలో పనిచేసి వెళ్ళిన అమ్మాయి గృహప్రవేశం పిలుపు ఇన్‌స్టాలోనే పెట్టిందట, నాకు అయిపోయాక తెలిసింది. విశాఖలో చదువుకుంటున్న మా చిన్నది మొదట్లో విసుక్కుంది, "అమ్మా, ఫోటోలు పెడుతూనే ఉన్నా కదా, మళ్ళీ అడుగుతావేంటి" అని. ఇప్పుడు రాత్రి తొమ్మిదికి తనే చేస్తోంది. మెస్‌లో ఏం పెట్టారో, ఎవరితో మాటలు లేవో చెబుతోంది. వాట్సాప్ మాత్రం ఉంచాను. ఆఫీసు పని దాని మీదే నడుస్తోంది, హాస్టల్ వార్డెన్ మెసేజీలూ అందులోనే. స్టేటస్‌లు చూడటం మానేశాను. చుట్టాల గ్రూపు మ్యూట్‌లో ఉంది.

సాయంత్రం కాగితం ముందు చాలాసేపు నిలబడ్డాను. నెల రోజుల్లో పద్నాలుగు పేర్లకి టిక్కు పడింది. మొట్టమొదటి పేరుకి పడలేదు. ఏమని మొదలుపెట్టాలి? అప్పుడు రానిదాన్ని ఇప్పుడేం ముఖం పెట్టుకుని మాట్లాడతాను? ఏడింటికి చేసేశాను. సిద్ధం చేసుకున్న మాటలేవీ రాలేదు. "అమ్మ పోయినప్పుడు నేను రావాల్సింది, రాలేదు" అన్నాను. అంతే. అటు నుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు. కాసేపటికి "రేపు వస్తావా?" అంది. "రేపు ఆదివారం, కంద తెప్పించాను. పెరట్లో బచ్చలి ఉంది. అమ్మ ఆవ ఎంత పెట్టేదో మా ఇంట్లో ఎవరికీ తెలియట్లేదు. రెండుసార్లు చేశాను, చేదొచ్చేసింది. నువ్వు పక్కనే నిలబడి చూసేదానివి కదా."

గుర్తుంది నాకు. ఆవాలతో పాటు నానబెట్టిన బియ్యం కొంచెం, ఎండుమిర్చి వేసి నూరేవారు. పొయ్యి మీద ఉండగా కలిపేవారు కాదు. దింపి, వేడి తగ్గాక కలిపేవారు.

పొద్దున రైలుకి వెళ్తున్నాను. ఆవాల పొట్లం సంచీలో పెట్టాను.