ఉబ్బిపోయే ఆ ఒక్క స్వరం

ఇదంతా ఒక్క స్వరంతో మొదలైంది. నేను తరచూ వినే పాట ఒకటుంది. అందులో బేస్ గిటార్ నాలుగు స్వరాలు మెట్లు దిగినట్టు దిగుతుంది. మొదటి మూడూ విడివిడిగా, శుభ్రంగా ఉంటాయి. నాలుగోది రాగానే గదంతా గుమ్మని నిండిపోయి, పాడేవాళ్ల గొంతు అందులో మునిగిపోయేది. హెడ్‌ఫోన్లలో వింటే మాత్రం ఆ గోల లేదు. ఆ తేడా దగ్గరే కాసేపు ఆగి ఆలోచించి ఉంటే ఆరు నెలలు కలిసొచ్చేవి. ఆగలేదు.

"బాగానే ఉంది కదరా, ఇంకేం కావాలి నీకు?" అన్నారు నాన్న. ఆయన మాటా వినలేదు.

మొదటి అనుమానం బ్లూటూత్ మీద. ఫోన్ నుంచి యాంప్లిఫయర్‌కి పాట బ్లూటూత్‌లోనే వెళ్లేది. సీడీలో పాట సెకనుకు 1,411 కిలోబిట్లు. బ్లూటూత్‌లో మామూలుగా వాడే ఎస్‌బీసీ కోడెక్ (పాటను నొక్కి చిన్నది చేసే పద్ధతి) మహా అయితే 328 దాకా పంపుతుంది. పైగా యాప్‌లో క్వాలిటీ 'ఆటోమేటిక్'లో ఉంది. నెట్ కాస్త నెమ్మదిస్తే అదీ దిగిపోతుంది. అంటే ఒకసారి నొక్కి చిన్నది చేసిన పాటను విప్పి, మళ్లీ నొక్కి పంపుతున్నానన్నమాట. యాప్‌లో లాస్‌లెస్, అంటే పాటలో ఏమీ పోకుండా పంపే క్వాలిటీ పెట్టి, బ్లూటూత్ వదిలేసి వైరుకు మారాను. తాళాల మోత, చప్పట్లు తేటపడ్డాయి. పైసా ఖర్చు లేకుండా వచ్చిన లాభం ఇది, ఎవరైనా ముందు ఇక్కడే మొదలుపెట్టాలంటాను. నాలుగో స్వరం మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

అయితే ఫోన్‌లో సత్తా లేదనుకుని లాప్‌టాప్, దానికి యూఎస్‌బీతో ఒక డాక్ తగిలించాను. అంకెల్ని కరెంటు అలలుగా మార్చి యాంప్లిఫయర్‌కి ఇచ్చే పెట్టె అది. దాని ముందు అగ్గిపెట్టెలో సగం ఉండే తెర, ఆ తెర మీద శాంప్లింగ్ రేటు, అంటే శబ్దాన్ని సెకనుకు ఎన్నిసార్లు కొలిచారన్న లెక్క. నేను వేసిందేమో 44.1 కిలోహెర్ట్జ్ పాట, అది చూపిస్తున్నదేమో 48. ఇంకో పాట వేశాను, 48. అన్నిటికీ 48. విండోస్‌లో అన్ని యాప్‌ల శబ్దాన్నీ కలిపే మిక్సర్ ఒకటుంటుంది. సెట్టింగ్స్‌లో ఏ రేటు ఉంటే ఏ పాటనైనా ఆ రేటుకు మార్చే పంపుతుంది. ప్లేయర్‌లో ఎక్స్‌క్లూజివ్ మోడ్ పెడితే మిక్సర్ పక్కకు తప్పుకుంటుంది. పెట్టాను, తెర మీద 44.1 వచ్చింది. ఆ అంకె చూసి ఎంత మురిసిపోయానో చెప్పలేను. చెవికి తేడా తెలిసిందా అంటే, ఆ రోజు తెలిసిందనే ప్రమాణం చేసి ఉండేవాణ్ని.

ఈలోగా కొత్త తలనొప్పి. పాట ఆపినా స్పీకర్లలోంచి సన్నగా గుయ్‌మని ఒకటే మోత. ఓ సాయంత్రం విసుగొచ్చి లాప్‌టాప్ ఛార్జర్ పీకేశాను. టక్కున నిశ్శబ్దం. పెడితే గుయ్, తీస్తే లేదు. ఛార్జర్‌కి ఒక ఎర్త్, యాంప్లిఫయర్‌కి ఇంకొకటి, మధ్యలో యూఎస్‌బీ వైరు. మూడూ కలిసి ఒక చుట్టు తయారైంది. ఆ చుట్టులో పారే చిన్న కరెంటే ఈ మోత. ఎర్త్ పిన్ను తీసేస్తే సరిపోతుందని సలహా ఇచ్చేవాళ్లుంటారు. అది ప్రాణాల మీదికి తెచ్చే పని, చేయకండి. డాక్‌కి ఆప్టికల్ వైరు పెట్టుకోవచ్చు, అందులో వెళ్లేది వెలుతురే కాబట్టి కరెంటుకు దారి ఉండదు. నా లాప్‌టాప్‌కి ఆ సాకెట్ లేదు. దాన్ని పక్కన పెట్టేసి, రెండు పిన్నుల అడాప్టర్‌తో నడిచే రాస్ప్‌బెర్రీ పై అనే చిట్టి కంప్యూటర్ తెచ్చి, సంగీతం కోసమే చేసిన ఒక ఉచిత ప్లేయర్ సాఫ్ట్‌వేర్ అందులో ఎక్కించాను. తొందరలో దాని మీదున్న హెడ్‌ఫోన్ సాకెట్‌లోనే వైరు గుచ్చి, ఇంత నాసిగా ఉందేమిటని అరగంట తిట్టుకున్నాను. ఆ సాకెట్ ఏదో అవసరానికి ఇచ్చింది, మంచి శబ్దానికి కాదు. డాక్‌ని యూఎస్‌బీలో పెట్టాకే దారిన పడింది.

పాటలు మధ్యలో తెగడం కూడా ఉండేది. అది వైఫై గొడవ. రూటర్ నుంచి లాన్ కేబుల్ లాగాను, మళ్లీ తెగలేదు. కేబుల్ మార్చాక శబ్దం తియ్యగా మారిందని కొందరంటారు. డేటా సరిగా అందితే పాట ఉన్నదున్నట్టు వస్తుంది, అందకపోతే ఆగిపోతుంది. తీపి ఎక్కడి నుంచి వస్తుంది?

ఈ మాట ఇప్పుడు ధీమాగా అంటున్నాను గానీ, అప్పటికే ఒక ఖరీదైన యూఎస్‌బీ వైరు కొని, "వేదిక వెడల్పయింది" అని, అంటే పాట ఇంకా విశాలంగా పరుచుకున్నట్టు వినిపిస్తోందని ఇంట్లో అందరికీ చెప్పుకున్న మనిషిని నేను. మా అమ్మాయి వింటూ, "నాన్నా, చూడకుండా చెప్పగలవా?" అంది. పౌరుషమొచ్చింది. పాత వైరో కొత్త వైరో తను పెట్టాలి, నేను అటు తిరిగి కూర్చుని చెప్పాలి. 16 సార్లు ఆడాం. 9 సరిగ్గా చెప్పాను. బొమ్మా బొరుసూ వేసినా సగటున 8 వస్తాయి. 12 అయినా వస్తేనే గాలివాటం కాదని కాస్త నమ్మొచ్చు. తర్వాత ఫూబార్2000 అనే ప్లేయర్‌లో ఏబీఎక్స్ పరీక్ష (ఏది ఏదో తెలియకుండా విని గుర్తుపట్టే పరీక్ష) పెట్టుకుని, సీడీని మించిన 24 బిట్ 96 కిలోహెర్ట్జ్ పాటనీ దాన్నే సీడీ స్థాయికి, అంటే 16 బిట్ 44.1కి దించిన కాపీనీ పోల్చాను. అక్కడా అదే వరస. 128 కిలోబిట్ల ఎంపీ3ని మాత్రం 16లో 14 సార్లు పట్టేశాను. నా చెవి ఎంతదాకా పనిచేస్తుందో ఆ రాత్రి తేలిపోయింది. వైరు ఇప్పుడు ప్రింటర్‌కి పనికొస్తోంది.

ఇన్ని చేసినా ఆ స్వరం గుమ్మంటూనే ఉంది. ఒకరోజు పాట వస్తుండగా రిమోట్ చేజారి గది మధ్యలోకి జారింది. తీసుకోవడానికి వంగాను. సరిగ్గా అప్పుడే నాలుగో స్వరం రావాలి. రాలేదు. లేచి నిలబడి వెనక్కి జరిపి మళ్లీ వేశాను. లేదు. సోఫా దగ్గరికి వెళ్లాను, గుమ్మంది. మధ్యకు వచ్చాను, మాయం. పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. తప్పు పాటలో లేదు, పెట్టెల్లో లేదు, గదిలో ఉంది.

తర్వాతి లెక్క చిన్నది. మా గది పొడవు 4 మీటర్లు. శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. దాన్ని పొడవుకు రెట్టింపుతో, అంటే 8తో భాగిస్తే దాదాపు 43 హెర్ట్జ్. ఎదురెదురు గోడల మధ్య సరిగ్గా ఆ అల అటూ ఇటూ కొట్టుకుని నిలబడిపోతుంది. గోడల దగ్గర బాగా ఉబ్బుతుంది, నడిమధ్య దాదాపు చచ్చిపోతుంది. బేస్ గిటార్ అడుగు తీగను ఊరికే మీటితే 41.2 హెర్ట్జ్, ఒక మెట్టు పైన నొక్కితే 43.65. మా పాటలో నాలుగో స్వరం అదే. స్పీకర్లు ఒక గోడకు, సోఫా ఎదుటి గోడకు ఆనించి ఉండేవి. ఉబ్బు ఎక్కువుండే రెండు చోట్లనీ వెతికి మరీ ఎంచుకున్నట్టు.

కొలిచే మైక్రోఫోన్ ఒకటి తెచ్చి, రూమ్ ఈక్యూ విజర్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కొలిచాను. గీతలో 43 దగ్గర కొండంత శిఖరం, చుట్టుపక్కల కంటే 12 డెసిబెళ్లు ఎత్తు. ముందు గోడలకు నురుగు పలకలు అంటించాను. చప్పట్లు కొడితే వచ్చే ప్రతిధ్వని తగ్గింది గానీ శిఖరం కదల్లేదు. ఎలా కదులుతుంది, ఆ అల పొడవే 8 మీటర్లు, నా పలక మందం ఐదు సెంటీమీటర్లు. సోఫాను గోడ నుంచి మీటరు ముందుకు జరిపాను. స్పీకర్లను మూలల్లోంచి బయటికి లాగాను. శిఖరం సగానికి పైగా కుంగింది. మిగిలినదాన్ని ప్లేయర్‌లోనే ఉన్న పారామెట్రిక్ ఈక్వలైజర్‌లో (కావలసిన చోట మాత్రమే శబ్దాన్ని పెంచే, తగ్గించే సాధనం) 43 దగ్గర సన్నగా 5 డెసిబెళ్లు కోసేశాను. 90 దగ్గర ఒక గుంట కూడా కనిపించింది. దాన్ని పూడ్చబోయాను, ఎంత పోసినా నిండదు. అక్కడ గోడ నుంచి తిరిగొచ్చే శబ్దం అసలు శబ్దాన్ని కొట్టేస్తోంది, పెంచితే రెండూ పెరుగుతాయి. వదిలేశాను. ఒక్క బిట్ కూడా మారకూడదని ఆ చిన్న తెరతో వారాల తరబడి కుస్తీ పట్టినవాణ్ని, ఈక్వలైజర్ పెట్టి బిట్లన్నీ నా చేతులతోనే మార్చేశాను.

ఇప్పుడు నాలుగు స్వరాలూ నాలుగు మెట్లలా దిగుతాయి. నాన్న కుర్చీ మాత్రం ఇంకా వెనక గోడకే ఉంది. ముందుకు జరపబోతే, "ఇక్కడ కూర్చుంటే ఆ గుమ్మనేది బాగుంటుందిరా, కదపకు" అన్నారు.